దావతీ పోస్టరు ఎక్కడ తేలిపోతుంది, ఎలా నిలబడుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విశాఖ వన్‌టౌన్‌లో మీరు నలుగురు కుర్రాళ్లు కలిసి ఇన్‌స్టాలో ఒక పేజీ నడుపుతున్నారు. కట్నాలు, వలీమాల్లో (పెళ్లి తర్వాత వరుడి వైపు ఇచ్చే విందుల్లో) దుబారా, తూకంలో మోసం, వాట్సాప్ పుకార్లు, ఇలాంటివాటిని ఖుర్‌ఆన్, హదీసుల (ప్రవక్త మాటలు, చేతల నివేదికల) ఆధారంగా విమర్శిస్తూ దావతీ పోస్టర్లు, అంటే ధర్మం వైపు పిలిచే పోస్టర్లు, వేస్తున్నారు. లైకులు కొట్టేది మీ చుట్టాలే. మసీదు పెద్దలు ఒకసారి "ఆయత్ (ఖుర్‌ఆన్ వాక్యం) సగమే వేశారు" అని కోప్పడ్డారు. ఇంకోసారి "ఫలానా వాళ్ల పెళ్లిని ఎత్తిపొడిచారు" అని గొడవైంది. తెలుగు ఒత్తులు విరిగిపోవడం మరో తలనొప్పి.

ఒత్తుల సంగతి చివర్లో చూద్దాం, దానికి మందు తేలిక. అసలు జబ్బు వేరే ఉంది. మీ పోస్టర్లలో తప్పు చేసినవాడు ఎప్పుడూ ఇంకొకడే. నోట్ల కట్టలు పట్టుకున్న లావుపాటి మామగారు, కన్నీళ్లు పెట్టుకున్న అమ్మాయి, వెనక మంటలు. చూసినవాడు "అవును, మా వీధి చివరాయన ఇంతే" అనుకుని వేలితో పైకి తోసేస్తాడు. పోస్టరు చూసినవాడు తన జేబు, తన లిస్టు, తన ఫోను తడుముకోవాలి. అలా కావాలంటే బొమ్మలో మనిషి ఉండకూడదు, వస్తువు ఉండాలి. మనిషిని చూపిస్తే మనం కాదులే అనుకుంటాం. మన ఇంట్లో ఉన్న వస్తువునే చూపిస్తే తప్పించుకునే దారి ఉండదు.

దీనివల్ల ఇంకో మేలూ ఉంది. ప్రాణుల బొమ్మల విషయంలో ఉలమాల (ధర్మపండితుల) మధ్య భేదాభిప్రాయాలున్నాయి. వస్తువులతో పని చేస్తే ఆ చర్చే రాదు. ప్రవక్తలను, సహాబాలను (ప్రవక్త సహచరులను) బొమ్మగా వేయకూడదని మీకు తెలుసు. ఏఐ యాప్‌కి "ఎడారిలో గడ్డం పెద్దమనిషి" అని చెప్పి తెప్పించిన బొమ్మ పక్కన హదీసు రాసినా చూసేవాడికి అది ప్రవక్త (స) బొమ్మలాగే కనపడుతుంది. ఆ జోలికే పోవద్దు.

ఒక పోస్టరు దగ్గరగా చూద్దాం, పక్కకి జరుపుతూ చూసే నాలుగు స్లైడ్లుగా. విషయం: పనివాళ్ల జీతం ఆలస్యం చేయడం.

మన ఇళ్లలో వంటగది గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా. తిథి, రాహుకాలం, పక్కన ఇస్లామీ తేదీ, ఖాళీలో పాల లెక్క. అందులో పనమ్మాయి నాగాలు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉంటాయి. అదే మీ బొమ్మ. నెల మొత్తం ఒకే పేజీలో ఉండే క్యాలెండరు తీసుకుని మూడో తేదీ, పదకొండు, పన్నెండు, ఇరవై ఆరు, ఈ నాలుగింటికీ సున్నాలు చుట్టండి. జీతం ఇచ్చిన తేదీకి మాత్రం ఏ గుర్తూ పెట్టొద్దు. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య కిటికీ పక్కన గోడకు వేలాడదీసి, ఫ్లాష్ లేకుండా, ఫోన్ నిటారుగా పట్టుకుని తీయండి. పైన ఒక్క ముక్క: "నాగాలు నాలుగు. రాసి పెట్టుకున్నాం." కింద చిన్నగా: "జీతం ఎన్నో తేదీన ఇచ్చాం?" మొదటి స్లైడుకి ఇంతే. మసీదు గుమ్మటం, నెలవంక, ఆకుపచ్చ అంచు ఏవీ వద్దు. అవి కనపడగానే ఇది జుమా ముబారక్ బాపతు అనుకుని బొటనవేలు ఆగదు.

రెండో స్లైడులో ఆధారం. ఖుర్‌ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ సూరా (అధ్యాయం) మొదటి మూడు ఆయత్‌లు (83:1-3) కొలతల్లో తగ్గించేవాళ్ల గురించి. మనలో చాలామంది అది కిరాణా కొట్టువాడికి చెప్పిందనుకుంటారు. చదివి చూడండి: జనం దగ్గర తీసుకునేటప్పుడు పూర్తిగా రాబట్టుకుంటారు, ఇచ్చేటప్పుడు తగ్గిస్తారు. అక్కడి నింద రాళ్లూ తక్కెడల మీద కాదు, రెండు కొలతలు పెట్టుకున్న మనసు మీద. ప్రళయదినాన తాను ముగ్గురికి వ్యతిరేకంగా నిలుస్తానని అల్లాహ్ అన్నట్టు బుఖారీ హదీసు గ్రంథం 2227లో ఉంది. వాళ్లలో ఒకడు కూలివాడితో పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు. ఆయత్‌లో "యస్తౌఫూన్", హదీసులో "ఇస్తౌఫా", రెండూ ఒకే క్రియ: పూర్తిగా రాబట్టుకోవడం. క్యాలెండరు మీద ఎర్ర సున్నాలు చుట్టడమంటే అచ్చంగా అదే. బొమ్మకీ ఆధారానికీ ఇలా లంకె కుదిరినప్పుడే పోస్టరు నిలబడుతుంది. బొమ్మ ఒక దిక్కు, ఆయత్ ఒక దిక్కు చూస్తుంటే ఎంత అందంగా చేసినా అతుకు తెలిసిపోతుంది.

మూడో స్లైడు రేపు పొద్దున చేయగల పని ఒక్కటి చెప్పాలి. "ఒకటో తేదీకి సున్నా చుట్టండి. అది జీతం తేదీ." ఐదారు సలహాలు ఇచ్చారంటే ఒక్కటీ జరగదు. నాలుగోది ఆధారాల స్లైడు: గ్రంథం, అధ్యాయం, నంబరు, అనువాదం ఎవరిది. ఇన్‌స్టా ఇప్పుడు 20 స్లైడ్ల దాకా ఒప్పుకుంటుంది గానీ నాలుగు దాటితే ఖుత్బా (జుమా ప్రసంగం) అయిపోతుంది. ఖుత్బాకి ఖతీబు గారున్నారు.

ఇక "ఆయత్ సగమే వేశారు" అన్న మాట. పెద్దలది చాదస్తం కాదు. మాఊన్ సూరా నాలుగో ఆయత్ (107:4) విడిగా వేస్తే "నమాజు చేసేవారికి వినాశం" అని వస్తుంది. ఐదు, ఆరు కలిస్తేనే అర్థం: తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండి, పదిమందికి చూపించుకోవడానికి చేసేవారికి అని. స్లైడ్ల పోస్టులో ఈ ప్రమాదం ఎక్కువ. మీరు నాలుగో ఆయత్ మొదటి స్లైడులో, ఐదోది రెండో స్లైడులో పెడతారు. ఎవరో మొదటిదాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో తిప్పుతారు. కాబట్టి నియమం: ఏ స్లైడును విడిగా కోసి చూసినా అర్థం చెడకూడదు. అర్థం రెండు ఆయత్‌లకు పాకితే రెండూ ఒకే స్లైడులో ఉండాలి. చోటు చాలకపోతే అరబ్బీ తీసేసి అనువాదం ఉంచండి, అనువాదాన్ని మాత్రం కత్తిరించొద్దు.

హదీసుకి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. "శుభ్రత ఈమాన్‌లో (విశ్వాసంలో) సగం" అని గోడల మీద కనపడుతుంది. సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథం 223లో ఉన్న మాట "అత్తుహూరు షత్రుల్ ఈమాన్". దాని బదులు "అన్నజాఫతు మినల్ ఈమాన్" (శుభ్రత విశ్వాసంలో భాగం) అని అరబ్బీలో వేసి ముస్లిం పేరు పెడితే తప్పు, ఆ పదాలు అక్కడ లేవు. "జ్ఞానం కోసం చైనాకైనా వెళ్లండి" అనేది ముహద్దిసులు (హదీసు పండితులు) తోసిపుచ్చిన మాట, ఎంత బాగున్నా ప్రవక్త (స) పేరుతో వేయకూడదు. నంబరు ఒక్కటే ఇస్తే చాలదు. ముస్లిం గ్రంథానికి ముద్రణను బట్టి నంబర్లు మారతాయి, అధ్యాయం పేరు కూడా రాయండి.

వలీమా పోస్టరుకి ఇది బాగా తగులుతుంది. ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా భోజనం చెడ్డ భోజనం అన్న మాట బుఖారీ 5177లో ప్రవక్త సహచరుడు అబూ హురైరా (రజి) మాటగా ఉంది. ముస్లిం 1432లో ఒక కథకుల వరసలో ప్రవక్త (స) మాటగానే వచ్చింది. "ప్రవక్త (స) అన్నారు" అని రాసి కింద బుఖారీ నంబరు పెడితే తెలిసినవాళ్లు పట్టుకుంటారు, మీ విమర్శ అంతా ఆ ఒక్క పొరపాటు కింద కొట్టుకుపోతుంది. దీనికి బొమ్మ: గీతల నోటుబుక్కులో పిలుపుల లిస్టు. డాక్టరు గారు, కార్పొరేటరు గారు, బిల్డరు గారు, షిప్‌యార్డు ఆఫీసరు గారు, అన్నిటి పక్కనా టిక్కులు. అడుగున పెన్సిల్‌తో "ఇస్త్రీ అబ్బాయి", దాని మీద ఒక్క గీత. ఫంక్షన్ హాలు ఫొటో వేస్తే అది ఫలానా పెళ్లి అయిపోతుంది. చేతిరాత లిస్టు ఎవరిదైనా కావచ్చు, మనదీ కావచ్చు.

మీ రెండో గొడవకి సమాధానం కూడా ఇదే. నిజంగా జరిగిన పెళ్లి ఫొటో, స్టేజీ, శుభలేఖ, దుకాణం బోర్డు ఏదీ పోస్టరులోకి రాకూడదు. ముఖాలు మసకేసినా వీధిలో అందరికీ తెలిసిపోతుంది. పరోక్షనిందను చచ్చిన సోదరుడి మాంసం తినడంతో పోల్చిన ఆయత్ (49:12) మనకూ వర్తిస్తుంది. పూర్ణా మార్కెట్‌లో బుట్ట పైన మంచి టమాటాలు, అడుగున మెత్తబడ్డవి పెట్టే అలవాటు మీద చేయాలనుకోండి. అక్కడికెళ్లి ఒకరి బుట్ట ఫొటో తీయకండి. నాలుగు కిలోలు కొని ఇంట్లో మీరే పేర్చి తీయండి. మొదటి స్లైడు పైనుంచి, రెండోది అదే బుట్ట ఒలకబోసి. దానికి ఆధారం సహీహ్ ముస్లిం, కితాబుల్ ఈమాన్‌లో ఉంది. ప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకి తడిసిందన్నాడు యజమాని. జనానికి కనపడేలా తడిదాన్ని పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడు నావాడు కాడన్నారు. బొమ్మంతా ఆ హదీసులోనే ఉంది, మీరు కొత్తగా ఊహించేది ఏమీ లేదు.

కట్నం పోస్టరుకి మాటల దగ్గరే జారిపోతారు. నిఖానామాలో (పెళ్లి పత్రంలో) మహర్ (వరుడు వధువుకి ఇచ్చేది) రెండు రకాలు: అప్పటికప్పుడు ఇచ్చేది, తర్వాత ఇచ్చేది. అరబ్బీలో మొదటిది అయిన్ అనే అక్షరంతో, రెండోది హంజా అనే అక్షరంతో. తెలుగులోకి దించితే రెండూ "ముఅజ్జల్" అయి కూర్చుంటాయి. పోస్టరులో ఆ పదం పెట్టారంటే ఏది ఏదో ఎవరికీ తెలియదు. "వెంటనే ఇచ్చే మహర్", "తర్వాత ఇచ్చే మహర్" అని తెలుగులోనే రాయండి. మహర్‌ను సంతోషంగా ఇవ్వమన్న ఆయత్ (4:4) పక్కన రెండు కాగితాలు: ఒకటి ఫర్నిచరు, బండి, ఫ్రిజ్ రాసిన పెళ్లివారి చిట్టా, రెండోది నిఖానామాలో మహర్ గడి ఉన్నంత మేర. మొదటిది చేంతాడంత, రెండోది వేలెడంత. రెండూ ఒకే కొలతలో, పక్కపక్కన పెట్టి తీస్తే చాలు, మీరు "సిగ్గుచేటు" అని రాయనక్కర్లేదు.

ఆ మాట వచ్చింది కాబట్టి భాష గురించి. "ఓ ముస్లిములారా మేల్కొనండి" తరహా పిలుపులు మానేయండి. ధర్మం వైపు పిలుపుకి అరబ్బీ మాట దావా. కానీ దావా అంటే మన ఊళ్లో కోర్టు దావా, దావత్ అంటే బిర్యానీ, ఈ రెంటి మధ్యా ఎలాగో నెగ్గుకొస్తున్నాం. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు గానీ లిపి చదవలేరు. నూర్‌బాషా, దూదేకుల ఇళ్లలో ఇంటి భాషే తెలుగు. తెలుగు మాట్లాడే ముస్లిముని తక్కువగా చూసే అలవాటు మీదే ఒక పోస్టరు వేయాలి. ఒకరినొకరు ఎగతాళి చేయొద్దని, వెక్కిరింపు పేర్లు పెట్టొద్దని 49:11లో ఉంది. "దూదేకులోళ్లు" అన్న మాటను ఏ గొంతుతో అంటున్నామో గుర్తొస్తే చాలు. ఈ పోస్టరుకి లైకులు తక్కువ వస్తాయి. అయినా వేయాల్సిందే. మనలో మనం చేసే తప్పును వదిలేసి లోకం తప్పులు ఎంచుతుంటే విమర్శకి బరువుండదు. న్యాయం కోసం నిలబడేటప్పుడు అది మీకూ మీ తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా సరే అన్న ఆయత్ (4:135) పేజీ నడిపేవాళ్లకే ముందు. ఇతర మతాల ఆచారాల మీద మాత్రం ఒక్క పోస్టరూ వద్దు. వాళ్లు ఆరాధించేవాటిని దూషించవద్దని 6:108 స్పష్టంగా చెప్తోంది.

బీచ్ మీద కూడా ఒకటి చేయొచ్చు. భూమి మీద, సముద్రంలో మనుషుల చేతలవల్లే చెడు ప్రబలిందన్న ఆయత్ (30:41) సముద్రం ఒడ్డునున్న ఊరికి ఇట్టే అతుకుతుంది. వన్‌టౌన్‌లో ఇళ్ల మీద పడే పోర్టు బొగ్గు ధూళి గురించి చెప్పాల్సిందే. అయితే అదొక్కటే వేస్తే మళ్లీ తప్పు ఎవరిదో అయిపోతుంది. ఇఫ్తార్ తర్వాత పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు, బక్రీద్ రోజు కాలువలో పడేసిన వ్యర్థాలు కూడా ఆ వరసలో ఉండాలి. అంకెలు కావాలంటే నెట్‌లో వెతకొద్దు. మీ మసీదులో రంజాన్ ఐదు రోజులు, ఇఫ్తార్‌లో మిగిలి పారేసిన తిండిని వంటగది కాటా మీద తూచి, రోజువారీ గ్రాములు రాసి పెట్టండి. మీ చేతులతో తూచిన అంకెను ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు అక్షరాలు. పాత డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. అక్కడ టైపు చేయించిన మేటర్ ఇన్‌స్టా క్యాప్షన్‌లో అతికిస్తే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి వస్తుంది. మొదటినుంచీ యూనికోడ్‌లోనే కొట్టండి. శీర్షికకి రామభద్ర, చదివించే పాఠానికి మండలి లేదా అనేక్ తెలుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే ఫాంటుది తప్పు కాదు. టైప్ ప్రిఫరెన్సుల్లో టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక ఉంటే దాన్ని వరల్డ్ రెడీకి మార్చాలి, లేకపోతే పేరాగ్రాఫ్ ప్యానెల్‌లోనే వరల్డ్ రెడీ ఎంచుకోవాలి. పాత వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. మార్చాక పాత లేయర్లు వాటంతట అవి సర్దుకోకపోతే పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో మళ్లీ ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు. ఏ యాప్ అయినా ముందు "రాష్ట్రంలో స్త్రీల లక్ష్యం" అని కొట్టి చూడండి. ష్ట్ర, స్త్రీ, క్ష్య మూడూ సరిగ్గా వస్తే ఆ యాప్ పనికొస్తుంది.

1080 పిక్సెళ్ల వెడల్పు మీద శీర్షిక 90 నుంచి 110, పాఠం 44కి తగ్గకూడదు. ఇంగ్లిషుకి 36 చాలు గానీ మన అక్షరాల గుండ్రాలు చిన్నవి, పూడిపోతాయి. వరసల మధ్య ఎడం అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. స్లైడుకి 25 మాటలు దాటొద్దు.

అరబ్బీకి అమీరీ గానీ, మదీనాలోని ఖుర్‌ఆన్ ముద్రణాలయం కింగ్ ఫహద్ కాంప్లెక్స్ వారి ఉస్మానీ ఫాంటు గానీ వాడండి. అక్షరాల మధ్య ఎడం సున్నా. కాస్త పెంచినా కలిసి ఉండాల్సిన అక్షరాలు తెగిపోతాయి. కొన్ని యాప్‌లలో అతికించగానే అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి తిరగబడి వస్తాయి. తెలియనివాడికి అది అందంగానే కనపడుతుంది, అదే ప్రమాదం. అతికించాక ముద్రిత ముస్‌హఫ్ (ఖుర్‌ఆన్ ప్రతి) పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాలి, ఆ పని చదవడం వచ్చినవాళ్లే చేయాలి. పైనా కిందా జబర్, జేర్‌లు (అచ్చుల గుర్తులు) కత్తిరించుకుపోకుండా పెట్టెను పెద్దది చేయండి.

పోస్టు 1080 x 1350. ప్రొఫైల్ గ్రిడ్‌లో ఇది 3:4కి తెగుతుంది, అంటే రెండు పక్కలా ఇంచుమించు 34 పిక్సెళ్లు పోతాయి. 80 వదిలేస్తే నిశ్చింత. వాట్సాప్ స్టేటస్‌కి 1080 x 1920 వేరేగా చేయండి. పైనా కిందా 250 వదలకపోతే పేరు, రిప్లై పట్టీ మీ మాటల మీద పడతాయి. నల్లటి నేల మీద ఎర్ర అక్షరాలు వద్దు. జేపెగ్ కుదింపులో రంగు వివరం ముందు పోతుంది, ఎరుపు చుట్టూ బూజు పట్టినట్టవుతుంది. అక్షరానికీ నేలకీ మధ్య కాంట్రాస్టు కనీసం 4.5:1 ఉండాలి. పరీక్ష తేలిక: గాజువాక బస్సులో కిటికీ పక్క సీట్లో, ఎండలో, చెయ్యి చాచి పట్టుకుని చదవండి.

పెద్దలకు చూపించేటప్పుడు డిజైన్ పంపకండి, రంగు మీదా ఫాంటు మీదా చర్చ మొదలవుతుంది. తెల్ల కాగితం మీద మాటలు, ఆధారాలు మాత్రమే ప్రింటు తీసి, రెండు రోజుల గడువిచ్చి, ఆలిం గారి దగ్గర సరిచూపించండి. ఆయన సరే అన్నాక బొమ్మ మీ ఇష్టం.

శుక్రవారం పొద్దున పోస్టు చేయొద్దు. ఆ పూట అందరి ఫోన్లూ జుమా ముబారక్ పూలతో నిండిపోతాయి. జీతాల పోస్టరు నెలాఖరున, వలీమాది పెళ్లిళ్ల ముందు, తూకంది ఆదివారం చేపల బేరం నాటికి ముందురోజు రాత్రి. పుకార్ల మీద, వార్త వస్తే విచారించుకోమన్న ఆయత్ (49:6) పోస్టరు మాత్రం చేసి దాచి ఉంచుకోండి. ఊళ్లో పుకారు పుట్టిన గంటలోనే దాని అవసరం, తర్వాత ఎవరికీ అక్కర్లేదు. ఆ పుకారు ఏమిటో పోస్టరులో రాయకూడదు, రాస్తే మీరూ మోసినట్టే.

కామెంట్లలో మొదటి రోజంతా ఒకరు కాపలా ఉండాలి. "ఇది ఫలానా వాళ్ల గురించే కదా" అని పేరు పెట్టిన కామెంటును వెంటనే దాచేయండి, జవాబు కూడా వద్దు. చిట్టీలు హలాలా, ఇంటి లోను తీసుకోవచ్చా అని అడుగుతారు. ఫత్వా ఇవ్వడం మీ పని కాదు, ముఫ్తీ గారిని అడగమనండి. పోస్టరులోని మాటలన్నీ క్యాప్షన్‌లో టైపు చేసి పెట్టండి, చూపులేనివాళ్ల ఫోన్ చదివి వినిపిస్తుంది.

ఇదే పోస్టరును కరపత్రంగా వేయమని ఎవరైనా అడిగితే అరబ్బీ ఆయత్ తీసేసి, అనువాదం, సూరా నంబరు మాత్రం ఉంచి ఇవ్వండి. జగదాంబ సెంటర్లో పంచిన కాగితం పది అడుగులు దాటకుండానే కాళ్ల కింద పడుతుంది.